‘పది’ని ‘పంది’ చేస్తున్న ఆల్బమ్ పేజీలు

సంపాదకులకు,

నమస్కారం. హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఎక్కడ ఎవరింటికి వెళ్లినా టీవీ కింది అరలో కరిజ్మా ఆల్బమ్ (ఫోటోలను కంప్యూటర్‌లో పేజీలుగా పేర్చి అచ్చువేసేది) ఒక్కటైనా కనిపిస్తుంది. పెళ్లికే కాదు, ఇరవై ఒకటో రోజుకు, పుట్టువెంట్రుకలకు, ధోతి ఫంక్షన్‌కు, ఒడిబియ్యానికి కూడా ఆల్బమ్ వేయిస్తున్నారు. ఈ మధ్య ఇంకో మంచి అలవాటు మొదలైంది. ఫోటో పక్కన నాలుగు మాటలు రాయించుకుంటున్నారు. కొన్ని ఇళ్లల్లో పిల్లలే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో డిజిటల్ స్క్రాప్‌బుక్ తయారుచేసి, ఫైలు ల్యాబ్‌కు పంపి ప్రింటు తెచ్చుకుంటున్నారు. ఎడమ నుంచి రెండో ఆమె పెద్ద మేనత్త, వెనకాల తలపాగాతో ఉన్నది చిన్నబాపు అని రాసి పెట్టకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత చెప్పేవాళ్లు ఉండరు. అందుకే ఈ రాత విలువైనది.

చిక్కల్లా ఆ రాత కంటికి ఆనకపోవడమే. పువ్వుల డిజైన్, ఇక్కత్ డిజైన్, చుక్కల డిజైన్ కాగితాల (పేజీ వెనకాల పరిచే డిజైన్‌ను మేం కాగితం అంటాం) మీద తెలుగు అక్షరాలు పడితే సగం కనపడి సగం మాయమవుతాయి. అప్పుడు అందరూ చేసేది ఒక్కటే: అక్షరాన్ని బోల్డ్ చేయడం, దాని చుట్టూ తెల్ల గీత కొట్టడం, కింద నీడ వేయడం, చాలకపోతే మెరుపు పెట్టడం. మా అభిప్రాయంలో ఇది తలకిందుల వైద్యం. జబ్బు కాగితానిదైతే మందు అక్షరానికి పోస్తున్నారు. ఆల్బమ్ డిజైన్ పని రోజూ చేసేవాళ్లుగా దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. ఇళ్లల్లో పేజీలు చేసుకునేవాళ్లకు పనికొస్తుందని ఆశ.

ముందు మన లిపి సంగతి. నెట్‌లో దొరికే పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. ఇంగ్లీషులో నిలువు గీతలు ఎక్కువ, అక్షరాలు ఒకే వరుసలో కూర్చుంటాయి. మనది గుండ్రని రాత. పైన తలకట్టు, గుడి. పక్కన కొమ్ము. కింద ఒత్తులు. చిన్న గుర్తు ఒకటి చేరినా, జారినా మాటే మారిపోతుంది. రకారం నడుమ చుక్క పడితే ఠకారం. దకారం కింద చిన్న గీత తగిలితే ధకారం. డ, ఢ అయినా, చ, ఛ అయినా, ప, ఫ అయినా ఇదే వరస. ఇక సున్నా ఉందే, అది అక్షరాలా ఒక గుండ్రటి చుక్క. చుక్కల కాగితం మీద ‘పది నెలల బాబు’ అని రాసి చూడండి. కాగితంలోని చుక్క ఒకటి ప పక్కకు చేరిందంటే బాబు ‘పంది నెలల’వాడవుతాడు. ‘నది’ ‘నంది’ అవుతుంది. చుక్కల ముగ్గు ఫోటోను బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టుకునే వాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ముగ్గులోని తెల్ల చుక్కా, తెల్ల సున్నా కంటికి ఒకటే.

అక్షరాన్ని బోల్డ్ చేస్తే పోదా అంటే పోదు. ప మీది తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది, వ మీదిది కలిసి ఉంటుంది. రెంటికీ తేడా ఆ సన్నటి సందే. దాన్ని లావు గీతతో పూడ్చేస్తే ‘పంట’ కాస్తా ‘వంట’. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో చాలావాటికి ఒక్క మందమే ఉంది. వాటిని ఫోటోషాప్‌లో బోల్డ్ చేయమంటే అది నిజమైన బోల్డ్ కాదు, ఉన్న అక్షరాన్నే నాలుగు వైపులా ఉబ్బిస్తుంది. లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. మందం కావాలనుకుంటే వేర్వేరు మందాల్లో గీసిన ఫాంట్ తీసుకోవాలి. నోటో శాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు ఇలాంటివి. ఒకే మందంతో సరిపెట్టుకునేట్టయితే మ్యాటర్‌కు, అంటే ఫోటో పక్కన రాసే మాటలకు, మండలి ఫాంట్ బాగుంటుంది. రామభద్ర శీర్షికల కోసం గీసిన లావు ఫాంట్, పది పంక్తుల మ్యాటర్‌ను అందులో పెడితే పేజీ మీద తారు పోసినట్టు ఉంటుంది.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. డిజైన్ ఉన్న ప్రతి కాగితమూ చెడ్డది కాదు. డిజైన్‌లోని గీతల మందం మన అక్షరం గీత మందానికి దగ్గరగా ఉన్నప్పుడే కన్ను తికమక పడుతుంది. ఏది పువ్వు తీగ, ఏది కొమ్ము అని విడదీయడానికి దానికి ఆధారం దొరకదు. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండే షీట్‌లో 16 పాయింట్ల అక్షరం పెడితే ఫాంట్ ఎత్తు సుమారు 67 పిక్సెళ్లు, గీత మందం ఐదారు పిక్సెళ్లు వస్తుంది. కాగితంలోని గీతలు మూడు నుంచి పన్నెండు పిక్సెళ్ల మధ్య ఉంటే, అంటే మన గీతలో సగం నుంచి రెండింతల దాకా ఉంటే, అది రాతకు శత్రువు. అదే డిజైన్‌ను నాలుగైదు రెట్లు పెంచితే పెద్ద పెద్ద పువ్వులై వెనక్కి తగ్గుతుంది. బాగా కుదిస్తే గరుకు బట్టలా కనపడి ఊరుకుంటుంది. కాబట్టి రంగు ముట్టుకోకముందే కాగితం ఉన్న లేయర్‌ను, అంటే ఆ పొరను, పెంచి, తగ్గించి చూడండి. సగం సమస్య అక్కడే తీరిపోవచ్చు. చిన్న ఫైలును పెద్దది చేస్తే మసకబారుతుంది కదా అంటారు. రాత కింద ఉండే కాగితం మసకబారితే మంచిదే.

మన ప్రాంతపు డిజైన్లనే ఈ లెక్కన చూస్తే సంగతి తేటపడుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా స్కాన్ తీసి కాగితంగా వాడుకుంటే చాలా అనుకూలం. వెడల్పాటి పట్టీలు ఉంటాయి కాబట్టి ఒక పట్టీని మ్యాటర్‌కు ఇచ్చేసి, పంక్తులను దానికి సమాంతరంగా పరచవచ్చు. పట్టీని అడ్డంగా దాటించి రాస్తే మాత్రం ప్రతి రంగు దగ్గరా అక్షరం తడబడుతుంది. పోచంపల్లి ఇక్కత్ కష్టం. అందులో అంచులు నీళ్లు తగిలిన సిరాలా పాకి ఉంటాయి, ముదురు లేత రంగులు వేలెడు దూరంలో మారిపోతాయి. కరీంనగర్ వెండి తీగపని ఫోటో అన్నిటికంటే మొండిది. తీగ చుట్టలు అచ్చం మన అక్షరాల మందంలో, మన అక్షరాల్లాగే ఒంపులు తిరిగి ఉంటాయి. దాని మీద తెలుగు రాయడమంటే రాత మీద రాత రాసినట్టే. ఆ ఫోటోను అంచుకు పెట్టుకోండి, మ్యాటర్ కిందికి తేవద్దు.

తంగేడు, గునుగు, బంతి, చామంతి పేర్చిన బతుకమ్మ దగ్గరి ఫోటో కూడా అంతే. ఇందులో ఇంకో చిక్కు ఉంది. పసుపు చాలా లేత, గునుగుకు అద్దిన రంగులు ముదురు. తెల్ల అక్షరం పెడితే తంగేడు దగ్గర కరిగిపోతుంది, నల్ల అక్షరం పెడితే ముదురు గునుగు వరుసలో మునిగిపోతుంది. ఏ రంగు ఎంచినా సగం అక్షరాలు పోవాల్సిందే. లేత, ముదురు రెండూ ఒకేచోట కలిసిన కాగితం మీద ఏ రంగు సిరా కూడా పనిచేయదని మొదట ఒప్పుకోవాలి. అప్పుడు గాని గంటసేపు రంగులు మార్చి మార్చి చూడటం ఆగదు. 2021లో యునెస్కో జాబితాలో చేరిన రామప్ప గుడి గోడల ఫోటోలదీ ఇంచుమించు ఇదే కథ. ఎర్ర ఇసుకరాయి అటు లేతా కాదు, ఇటు ముదురూ కాదు. దానిలోని చెక్కడాల నీడలు నల్లరాతను తినేస్తాయి, ఎండ తగిలిన అంచులు తెల్లరాతను తినేస్తాయి.

రంగుల్లో మనవాళ్లు పొరబడేది ఎక్కడంటే, రంగు వేరైతే చాలు కనిపిస్తుందనుకోవడం. కన్ను అక్షరాన్ని పట్టేది రంగు తేడాతో కంటే వెలుతురు తేడాతోనే ఎక్కువ. వెబ్ పేజీలకు పెట్టుకున్న ఒక లెక్క ఉంది. అక్షరానికీ వెనకాలి రంగుకీ మధ్య వెలుతురు నిష్పత్తి చిన్న అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలంటారు. నలుపు తెలుపుల మధ్య ఇది 21. ముదురాకుపచ్చ మీద నిండు ఎరుపు పెడితే దాదాపు 1.3 మాత్రమే వస్తుంది. అరటాకు పచ్చ మీద కుంకుమ ఎరుపు అని ముచ్చటపడి పెట్టే రాత చదవబోతే కళ్లు గుంజేది అందుకే. నిండు పసుపు మీద నిండు ఎరుపు 3.7, అంటే పేర్లకు సరే గాని మ్యాటర్‌కు చాలదు. అదే పసుపు మీద ఎరుపును మెరూన్ దాకా ముదిర్చితే 10 దాటుతుంది. మెరూన్ మీద బంగారు రంగు దాదాపు 8. తెలుపు మీద బంగారు రంగు 1.4 మాత్రమే, శుభలేఖల్లో అచ్చు కనపడక వెలుతురుకు వంచి చదివేది ఇదే. పసుపు, కుంకుమ వదులుకోనక్కర్లేదు. ఎరుపును ఒక మెట్టు ముదిరిస్తే చాలు.

దీన్ని కంటితో పరీక్షించడానికి తేలిక దారి ఉంది. అన్ని లేయర్ల పైన నల్లరంగు నింపిన లేయర్ ఒకటి పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ను, అంటే కింది పొరలతో కలిసే తీరును, ‘కలర్’ చేయండి. షీట్ మొత్తం నలుపు తెలుపుల్లోకి మారుతుంది. అందులో అక్షరం విడిగా కనపడకపోతే రంగుల్లో కనపడుతున్నట్టు అనిపించేది భ్రమే. ‘డీశాచురేట్’ ఆజ్ఞతో ఈ పరీక్ష చేయవద్దు. నిండు ఎరుపును, నిండు ఆకుపచ్చను, నిండు నీలాన్ని అది ఒకే బూడిదరంగుగా చూపిస్తుంది, లెక్క తప్పుతుంది. చూసి తీసేయడం మరవకండి. ఆ నల్ల లేయర్‌తోనే ల్యాబ్‌కు వెళ్లిన ఫైళ్లూ ఉంటాయి.

ఇక అసలు పని. రాత పడే చోట కాగితాన్ని నెమ్మదింపజేయాలి. డిజైన్ కనపడాలి గాని దానిలోని లేత ముదురుల దూరం తగ్గిపోవాలి. ఫోటోషాప్‌లో మ్యాటర్ చుట్టూ దీర్ఘచతురస్రంగా సెలెక్షన్ తీయండి. పక్కలకు, పైకి ఒక అక్షరం ఎత్తు, 16 పాయింట్లకు 60, 70 పిక్సెళ్లు, జాగా వదలండి. కింది వైపు ఇంకొంచెం వదలాలి, చివరి పంక్తి ఒత్తులు అక్కడే వేలాడతాయి. సెలెక్షన్ ఉండగానే అడ్జస్ట్‌మెంట్ ప్యానెల్‌లో లెవెల్స్ (లేత ముదురులను సర్దేది) నొక్కితే, ఆ జాగా వరకే పనిచేసే లేయర్ వస్తుంది. అది కాగితానికి పైన, మ్యాటర్‌కూ ఫోటోలకూ కింద ఉండాలి. లెవెల్స్‌లో అందరూ పైనున్న మూడు మొనలనే కదుపుతారు. మనకు కావలసింది అట్టడుగున ఉన్న అవుట్‌పుట్ పట్టీ. అందులో 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. దాని ఎడమ మొనను 0 నుంచి 190కి జరపండి. ఇప్పుడు ఆ జాగాలో ఎంత ముదురు గీత ఉన్నా 190 కంటే ముదరదు. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 40 దగ్గర ఉన్న ముదురు అక్షరం పెడితే కాగితంలోని అత్యంత ముదురు చోట కూడా నిష్పత్తి 8 వస్తుంది. పువ్వు పువ్వులాగే ఉంటుంది, రాత రాతలాగా ఉంటుంది.

ముదురు కాగితం మీద తెల్లరాత కావాలంటే ఇదే తిరగేసి, అవుట్‌పుట్ కుడి మొనను 255 నుంచి 70కి దించండి. అప్పుడు నిష్పత్తి 9 పైన ఉంటుంది. చేర్యాల బొమ్మల ఎర్ర నేపథ్యం లాంటి కాగితాలకు ఈ దారి బాగా కుదురుతుంది. ఎరుపు మెరూన్‌లోకి దిగుతుంది, తెల్లరాత నిలబడుతుంది.

ఆ జాగా అంచు గీత గీసినట్టు ఉండటం నచ్చకపోతే లేయర్ మాస్క్‌కు (లేయర్ ఎంతవరకు పనిచేయాలో చెప్పే తెరకు) ఫెదర్, అంటే అంచు మెత్తదనం, 30, 40 పిక్సెళ్లు ఇవ్వండి. అయితే ఫెదర్ బయటికే కాదు, లోపలికీ పాకుతుంది. 40 ఇస్తే లోపలి అంచున కూడా అంతమేర పని సగమే జరుగుతుంది. పంక్తి మొదటి అక్షరం, చివరి అక్షరం మళ్లీ డిజైన్‌లోకి జారిపోతాయి. ఫెదర్ ఎంత ఇస్తే జాగాను అంత పెంచాలి. ఇది మరిచిపోయి, ‘మధ్యలో బాగుంది, చివర్లే చదవడానికి రావడం లేదు’ అని మళ్లీ అక్షరానికి స్ట్రోక్ (చుట్టు గీత) వేసేవాళ్లు చాలామంది.

లెవెల్స్ తర్వాత కూడా సన్న గీతలు విసిగిస్తుంటే కాగితానికి గాసియన్ బ్లర్ (మసకబరచడం) 8 నుంచి 10 పిక్సెళ్లు చాలు. అంతకు తక్కువైతే గీతలు కాస్త మెత్తబడతాయే గాని పోవు. ఒక్క బ్లర్‌తో పని కానిచ్చేద్దామనుకోవద్దు. అది సన్న గీతలను తుడుస్తుంది, పెద్ద మచ్చలను అలాగే ఉంచుతుంది. పైగా కాగితంలో ముక్క కోసి, విడి లేయర్‌గా పెట్టుకుని బ్లర్ కొడితే ముక్క అంచులు కరిగి పొగలా అవుతాయి. కాగితం మొత్తాన్ని డూప్లికేట్ తీసి, బ్లర్ కొట్టి, ఆ తర్వాత మాస్క్‌తో కావలసినంత చూపించుకోవాలి.

ఫోన్‌లో, కాన్వా లాంటి వాటిలో లెవెల్స్ పట్టీ లేకపోతే దిగులక్కర్లేదు. మ్యాటర్ కింద తెల్లటి దీర్ఘచతురస్రం పెట్టి, 75 శాతం నిండుగా ఉంచండి. నలుపు కూడా 191 దగ్గర ఆగుతుంది, లెవెల్స్ చేసిన పనే ఇది. చేతి స్క్రాప్‌బుక్‌లో డిజైన్ కాగితం మీద ట్రేసింగ్ పేపర్ అతికించి రాసేవారు, దాని కంప్యూటర్ రూపం అనుకోండి. తెలుపుకు బదులు కాగితంలోనే ఉన్న అతి లేత రంగు తీసుకుంటే అతుకు వేసినట్టు ఉండదు. అక్షరానికి కూడా ఉత్త నలుపు వద్దు. కాగితంలోని అతి ముదురు రంగును ఐడ్రాపర్‌తో తీసుకుని, ఇంకా ముదిర్చి వాడండి. కాన్వాలో పంక్తి పంక్తికీ వెనకాల పట్టీ వేసే ఎఫెక్ట్ ఉంది గాని, తెలుగుకు పెట్టేటప్పుడు ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల కింద పట్టీ సరిపోయిందా అని పెద్దది చేసి చూసుకోండి. ఒత్తులు పట్టీ బయట వేలాడుతుంటే పట్టీ ఉండీ లేనట్టే.

నీడ, గ్లో పూర్తిగా వద్దని అనడం లేదు. కాగితాన్ని సరిచేసుకున్నాక, తెల్లరాతకు కొంచెం ఊతంగా నీడ వేయవచ్చు. దూరం 0, సైజు 8 పిక్సెళ్లు, మోడ్ మల్టిప్లై (కింది రంగును ముదిర్చేది), నిండుదనం 50, 60 శాతం. దూరం పెంచారంటే ఆ నీడ కింది ఒత్తు మీద పడి ఇంకో ఒత్తులా కనపడుతుంది. స్ట్రోక్ పెడితే ‘అవుట్‌సైడ్’ అని ఎంచి 2 పిక్సెళ్లకు ఆపండి. ‘సెంటర్’ అని ఉంటే సగం గీత అక్షరం లోపలికే వచ్చి దాన్ని సన్నబరుస్తుంది.

పంక్తుల మధ్య ఎడం గురించి గట్టిగా చెప్పాలి. ఫోటోషాప్ తనంతట తాను ఇచ్చే ఎడం అక్షరం సైజుకు 120 శాతం. 16 పాయింట్లకు 19.2 మాత్రమే. ఇంగ్లీషుకు అది బాగానే ఉంటుంది. తెలుగులో పై పంక్తి ఒత్తు, కింది పంక్తి గుడి ఒకదానికొకటి తగులుకుంటాయి. 16కు 26, 28 పాయింట్లు ఇవ్వండి. డిజైన్ కాగితం మీద ఆ ఎడమే పంక్తిని పట్టి ఉంచుతుంది. పంక్తికి 35, 40 అక్షరాలు దాటనివ్వవద్దు. నాలుగు పంక్తులు మించితే నడిమికి సర్దకుండా ఎడమ అంచుకు పట్టించండి, ప్రతి పంక్తి మొదలూ ఎక్కడో వెతుక్కునే పని తప్పుతుంది.

సైజు దగ్గర అందరూ పడే గుంట ఒకటి ఉంది. బయట కొనే పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) టెంప్లేట్లలో కొన్ని 3600 బై 10800 పిక్సెళ్లు ఉంటాయి గాని రిజొల్యూషన్ 72 అని పెట్టి ఉంటుంది. అందులో 16 పాయింట్లు అంటే 16 పిక్సెళ్లే. అదే షీట్ 12 బై 36 అంగుళాలకు ప్రింటయితే అక్షరం 4 పాయింట్ల కంటే చిన్నది, మందు పెట్టె మీది రాతలా వస్తుంది. మొదలు పెట్టకముందే ఇమేజ్ సైజ్ తెరిచి, ‘రీశాంపిల్’ గుర్తు తీసేసి, 300 కొట్టండి. పిక్సెళ్లు మారవు, పాయింట్ల లెక్క సరిపోతుంది. ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని ఒకరు చూస్తుంటే వెనకాల నలుగురు నిలబడి చూస్తారు కాబట్టి 16 కంటే తగ్గవద్దు, నాయనమ్మ, తాతలు చూసే ఆల్బమ్‌కు 18. షీట్ మధ్యలో మడత పడుతుంది, దానికి అటూ ఇటూ అంగుళం మేర రాత పెట్టకండి. టెంప్లేట్‌తో వచ్చిన ఇంగ్లీషు కవిత్వాన్ని కూడా తీసేయండి. ఎవరి పెళ్లికో ఎవరో రాసిన ప్రేమ మాటలు మన ఇంటి ఒడిబియ్యం పేజీలో దేనికి?

తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడివిడిగా పక్కకు పడుతున్నాయంటే తప్పు ఫాంట్‌ది కాదు. పాత ఫోటోషాప్ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, టైప్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’గా మార్చి, మూసి తెరవాలి. ఆ మార్పు కొత్త ఫైళ్లకే వర్తిస్తుంది. పాత ఫైలులోని మ్యాటర్‌కు పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘వరల్డ్ రెడీ’ కంపోజర్ విడిగా ఎంచాలి.

ఇంట్లో పెద్దవాళ్ల చేతిరాత ఉంటే ఏ ఫాంటూ దానికి సాటి రాదు. పాత ఉత్తరాన్ని 300 డీపీఐలో రంగుల్లోనే స్కాన్ చేయండి. నోటుబుక్ కాగితం నీలి గీతలు అడ్డమొస్తుంటే, రాత నల్ల సిరాది అయితే, ఛానెల్స్‌లో బ్లూ ఛానెల్ ఒక్కటే తీసుకోండి. నీలి గీతలు అందులో తేలిపోతాయి, నల్ల సిరా నిలుస్తుంది. రాత కూడా నీలి సిరాదే అయితే ఈ చిట్కా పనిచేయదు, అదీ తేలిపోతుంది. లెవెల్స్‌లో కాగితాన్ని పూర్తి తెలుపు చేసి, మల్టిప్లై మోడ్‌లో డిజైన్ మీద పెడితే తెలుపు మాయమై సిరా మాత్రమే మిగులుతుంది. ముదురు కాగితమైతే ఇన్వర్ట్ చేసి స్క్రీన్ మోడ్. చేతిరాత గీత ఒకచోట సన్నం, ఒకచోట లావు కాబట్టి కింద కాగితాన్ని 190కి బదులు 210, 220 దాకా లేతబరచాలి.

ల్యాబ్ దగ్గర అడగవలసినవి కొన్నే. ప్రింటు ఫోటో పేపర్ మీదా, ప్రెస్ మీదా? ప్రెస్ అయితే నాలుగు రంగుల సిరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. వెంట్రుకవాసి జరిగినా సన్నటి తెల్లరాత పూడిపోతుంది కాబట్టి తెల్లరాతకు మీడియం మందం, వీలైతే ఇంకా ఎక్కువ తీసుకోవాలి. నల్లరాత ఒక్క నల్ల సిరాతోనే పడేట్టు చూడమనాలి. జేపెగ్ నాణ్యత 10 నుంచి 12 పెట్టండి. ఫోటోషాప్‌లో 6, అంతకు తక్కువ పెడితే రంగు వివరాలను కుదించేస్తుంది, ఎర్ర అక్షరాల చుట్టూ దుమ్ము పట్టినట్టు వస్తుంది. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపాలి. గ్లాసీ పూత మీద ట్యూబ్‌లైట్ మెరుపు రాత మీదే పడుతుంది, మ్యాటర్ ఎక్కువున్న ఆల్బమ్‌కు మ్యాట్ (మెరవని పూత) మేలు. అన్నిటికీ ముందు, ఆ ఒక్క మ్యాటర్ ముక్కను అసలు సైజులో 4 బై 6 అంగుళాల ప్రింటు తీయించి చూసుకోండి. వెలుగుతున్న తెర మీద కనిపించిన తేడా కాగితం మీదికి వచ్చేసరికి తగ్గుతుంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. పండుగ ప్రత్యేక పేజీల్లో బతుకమ్మ నిండు ఫోటో మీద సన్నటి తెల్ల అక్షరాలతో వ్యాసాలు వేస్తున్నారు. న్యూస్‌ప్రింట్ సిరా పీల్చే కాగితం, సిరా చుక్క పాకుతుంది, తెల్ల అక్షరంలోని సన్న గీతలు ముందు పోతాయి. తలకట్లు, ఒత్తులు ఎలా పోయాయో పోయిన ఏటి పేజీలను మీరే ఒకసారి తీసి చూడండి. సద్దుల బతుకమ్మ పేజీకి ఫోటోను పైసగంలో నిండుగా వేసి, వ్యాసం పడే చోట 20 శాతానికి లేతబరచి, నల్ల అక్షరం వాడమని మీ డిజైన్ విభాగానికి చెప్పగలరా?

ఇట్లు,
ఆల్బమ్ డిజైన్ పని చేసేవాళ్లం,
హనుమకొండ